మాట ఆగకుండా, ఊపిరి తగ్గకుండా

మెడలోని ధమనిని బిగించే ముందు రోగి చేతిలో ఒక రబ్బరు బొమ్మ పెడతారు. పిల్లలు ఆడుకునేదే, నొక్కితే కీచుమంటుంది. ఆపరేషన్ మెడకు కుడివైపు అయితే బొమ్మ ఎడమ చేతిలో ఉంటుంది. శరీరం ఎడమ సగాన్ని నడిపించేది మెదడులో కుడి సగం కదా! సర్జన్ క్లాంపు వేయగానే థియేటర్‌లో అందరి చెవులూ ఆ కీచు శబ్దం మీదే ఉంటాయి. "పెద్దాయనా, బొమ్మ నొక్కండి. మీ ఊరేది? పిల్లలెంతమంది?" అని మత్తు డాక్టరు అడుగుతూనే ఉంటారు. చెయ్యి నొక్కుతున్నంతసేపు, మాట తడబడనంతసేపు మెదడుకు రక్తం చాలుతున్నట్టు లెక్క.

రోగి మెలకువగా ఉండగానే చేసే కరోటిడ్ ఆపరేషన్ ఇది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాలుగు ధమనుల్లో మెడకు రెండు పక్కలా ఉండే కరోటిడ్ ధమనులు పెద్దవి. వాటి లోపలి గోడకు కొవ్వు పేరుకుని, అందులో ఒక ముక్క ఊడి పైకి కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. ధమనిని కోసి ఆ పేరుకున్నదాన్ని ఒలిచేసి మళ్లీ కుట్టేయడమే ఆపరేషన్. చిక్కేమిటంటే, ఒలుస్తున్నంతసేపూ ఆ దారిలో రక్తం ఆగిపోవాలి. శరీరం బరువులో మెదడు రెండు శాతమే గానీ, మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. దానికి రక్తం ఆపడమంటే మాటలు కాదు.

అమెరికాలో మైకేల్ డిబేకీ 1953లో ఈ ఆపరేషన్ చేశారు. మరుసటి ఏడు లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అనే ముగ్గురు వైద్యులు ఒకామెకు మెడ ధమని బాగుచేసినప్పుడు, రక్తం ఆగినా మెదడు తట్టుకోవాలని ఆమె ఒంటిని 28 డిగ్రీల దాకా చల్లబరిచారు. చల్లబడ్డ మెదడుకు ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది. ఆ తర్వాతి తరం సర్జన్లు మంచును పక్కన పెట్టేశారు. మెడ దగ్గర నరాలకు మాత్రమే మత్తు ఇచ్చి, మనిషిని మాట్లాడిస్తూ పని కానిస్తే మెదడు తన సంగతి తానే చెబుతుంది కదా అన్నది వాళ్ల ఆలోచన.

తెలుగువాళ్లకు మెలకువలో ఆపరేషన్ అనగానే సినిమాలు గుర్తొస్తాయి. 2017లో గుంటూరులో మెదడు ఆపరేషన్ జరుగుతుండగా ఒక నర్సు బాహుబలి చూసింది. 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒకావిడకు చిరంజీవి 'అడవి దొంగ' వేసి చూపించారు. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో జూనియర్ ఎన్టీఆర్ 'అదుర్స్' ఆడింది. వార్తల్లో సినిమా పేరు పెద్దక్షరాల్లో వచ్చింది. ఆ రోగుల ముక్కు దగ్గర సన్నటి గొట్టంలో పారుతున్న ఆక్సిజన్ గురించి పెద్దగా ఎవరూ రాయలేదు. నిజానికి మత్తు డాక్టరుకు సినిమా కంటే అదే పెద్ద పని.

పూర్తి మత్తులో ఉన్నవారికి శ్వాసనాళంలో గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపేస్తారు. ఎంత ఆక్సిజన్, నిమిషానికి ఎన్నిసార్లు, ఎంత పరిమాణం అన్నదంతా డాక్టరు చేతిలో ఉంటుంది. మెలకువగా ఉన్న మనిషికి ఆ వీలు లేదు. ఊపిరి ఆయనది, దాని లయ ఆయనది. పైగా ఆయన మాట్లాడుతుండాలి. గుడ్డ కింద ఉక్కపోస్తే తల తిప్పేస్తాడు, భయం వేస్తే మాస్కు పీకేస్తాడు, దగ్గొస్తే మెడ కదిలిపోతుంది. ఇన్నిటి మధ్య చాలినంత ఆక్సిజన్ అందించాలి, అదీ సర్జన్ చేతికి అడ్డం రాకుండా.

అందుకని ఎక్కువగా వాడేది ముక్కులో దూర్చే రెండు మొనల ప్లాస్టిక్ గొట్టం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఈ గొట్టంలో నిమిషానికి రెండు లీటర్లు వదిలితే ఆ మనిషి పీల్చేది సుమారు 28 శాతమవుతుంది. లీటరు పెంచితే నాలుగు శాతం చొప్పున పెరుగుతుందని స్థూలమైన లెక్క. స్థూలమైన అని ఎందుకంటే, గట్టిగా ఆయాసపడే మనిషి చుట్టూ ఉన్న మామూలు గాలినీ ఎక్కువగా లాగేసుకుంటాడు, గొట్టంలోంచి వచ్చేది పలుచబడిపోతుంది. మామూలు మాస్కుతో 40 నుంచి 60 శాతం వరకు వెళ్లొచ్చు. సంచి వేలాడే మాస్కుకు పది, పదిహేను లీటర్లు వదిలితే ఇంకా పైకి పోతుంది. ఎంత ఇస్తున్నామో కచ్చితంగా తెలియాలంటే వెంచురీ మాస్కు ఉంది. దాని మూతికి తగిలించే రంగు ముక్కే కొలత: నీలం అయితే 24 శాతం, తెలుపు 28, పసుపు 35, ఎరుపు 40, ఆకుపచ్చ 60. మోరన్ క్యాంప్‌బెల్ అనే వైద్యుడు 1960లో ఈ మాస్కు తెచ్చింది ఊపిరితిత్తులు దెబ్బతిన్న దీర్ఘరోగుల కోసం.

ఆ దీర్ఘరోగులు అనంతపురం జిల్లాలోని రాయదుర్గానికి కొత్తవాళ్లేం కాదు. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకే సీమ ఇది. ఏడాదికి కురిసే నాలుగు చినుకులను నమ్ముకుని వేరుశనగ వేసి, దుమ్ములో బతికినవాళ్లు, దశాబ్దాలుగా బీడీ కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లు ఎందరో. రక్తనాళాలు పూడుకుపోయేదీ, ఊపిరితిత్తులు చెడేదీ చాలావరకు ఒకే మనిషిలో. బీడీ రెండింటినీ కాలుస్తుంది. బీడీ తాగే మగవాళ్లకు నడివయసు రాకముందే కాళ్ల ధమనులు మూసుకుపోయే జబ్బు ఒకటుంది. లియో బర్గర్ 1908లో దాన్ని వివరంగా రాశాడు కాబట్టి బర్గర్ జబ్బు అంటారు. కాలి ధమని ఆపరేషన్లు చాలావాటికి నడుములో ఇచ్చే ఇంజెక్షన్ సరిపోతుంది, రోగి మెలకువగానే ఉంటాడు. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా అయితే చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేసేస్తారు. ఊళ్లో ఎవరికో ఒకరికి జరిగే ఉంటుంది.

పెద్ద ధమని ఆపరేషన్ అంటే మాత్రం రాయదుర్గం వాళ్లకు ప్రయాణమే. యాభై కిలోమీటర్ల దూరంలో బళ్లారి. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలను జనం ఇప్పటికీ విమ్స్ అనే అంటారు. ఇటు అనంతపురం జనరల్ ఆసుపత్రి, పుట్టపర్తిలో 1991 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, ఇవేవీ కాకపోతే బెంగళూరు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఖర్చు సంగతి అలా కొంత తేలింది, దూరం తేలలేదు.

మళ్లీ థియేటర్‌లోకి వద్దాం. క్లాంపు వేసిన రెండో నిమిషంలో బొమ్మ శబ్దం ఆగిపోయిందనుకోండి. పెద్దాయన మాట ముద్దగా వస్తోంది. ఇప్పుడేం చేస్తారు?

మామూలుగా రెండు దారులు. మందుతో బీపీ పెంచితే, మెదడు అడుగున నాలుగు ధమనులనూ కలిపే వలయం గుండా అవతలి వైపు రక్తం ఇటు వస్తుంది. థామస్ విల్లిస్ 1664లో బొమ్మతో సహా వివరించిన వలయం అది. పుట్టుకతోనే చాలామందిలో పూర్తిగా ఉండదు, అదే ఇబ్బంది. బీపీ పెంచినా లాభం లేకపోతే, కోసిన ధమనిలో షంట్ అనే ప్లాస్టిక్ గొట్టం పెట్టి రక్తాన్ని దాని గుండా పంపుతారు. గొట్టం పెట్టేటప్పుడే కొవ్వు ముక్క ఊడే ప్రమాదం ఉంది కాబట్టి అవసరం లేనివాళ్లకు పెట్టకపోవడమే మేలు. 24 దేశాల్లో 3,526 మంది మీద జరిగి 2008లో ఫలితాలు వెలువడిన గాలా పరిశోధనలో, పూర్తి మత్తులో చేసినవారిలో 43 శాతానికి షంట్ వాడితే మెలకువగా ఉన్నవారిలో 14 శాతానికే వాడారు. పక్షవాతం, గుండెపోటు, మరణం లెక్కలు మాత్రం రెండు వైపులా ఇంచుమించు సమానంగానే తేలాయి. కాబట్టి మెలకువ పద్ధతే గొప్పదని చెప్పడానికి లేదు.

మూడో దారి ఒకటుందని ఆక్స్‌ఫర్డ్ మత్తు వైద్యుడు మార్క్ స్టోన్‌హామ్ 2005లో రాశారు. క్లాంపు వేయగానే చెయ్యి పడిపోయిన, మాట తడబడిన కొందరికి గట్టిగా అమరే మాస్కుతో వంద శాతం ఆక్సిజన్ ఇస్తే ఆ లక్షణాలు వెనక్కి తగ్గాయి. ఇది కాస్త వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ అంతకుముందే 98 చూపిస్తోంది. ఇంకెక్కడ పెంచుతారు?

రక్తంలో ఆక్సిజన్ రెండు విధాలుగా ప్రయాణిస్తుంది. ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌కు అంటుకుని పోతుంది. కొద్దిభాగం నీళ్లలాంటి ప్లాస్మాలో కరిగి పోతుంది. ఆర్టీసీ బస్సులో సీట్లన్నీ నిండాక కూడా కండక్టరు నిలబడే జనాన్ని ఎక్కిస్తాడు చూడండి, అలాగే. ఆక్సీమీటర్ చెప్పేది సీట్ల సంగతే. హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న ఆరోగ్యవంతుడి రక్తం 100 మిల్లీలీటర్లలో సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అందులో కరిగినది మామూలు గాలి పీలిస్తే 0.3 మిల్లీలీటరు, శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే దాదాపు 2. అంటే పదో వంతు ఎక్కువ. ఎనిమిది గ్రాముల హిమోగ్లోబిన్‌తో వచ్చిన మనిషికి ఆ రెండు మిల్లీలీటర్లే దాదాపు ఐదో వంతు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. వాళ్ల వేలికి ఆక్సీమీటర్ పెట్టినా 98 అనే చూపిస్తుంది. బస్సులో సీట్లే తక్కువున్నాయని అది చెప్పదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే మెదడు రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. అప్పుడు అందేది పెరిగినట్టా, తగ్గినట్టా? స్టోన్‌హామ్ బృందం 2008లో నుదుటికి సెన్సర్లు అంటించి కొలిచి చూసింది. మెలకువగా మెడ ఆపరేషన్ చేయించుకుంటున్నవారికి ఆక్సిజన్ పెంచితే మెదడులో దాని స్థాయి పెరిగిందనే తేలింది. చిన్న అధ్యయనమే అయినా థియేటర్‌లో ఆ క్షణంలో చేతికి దొరికే సాధనం ఇది. మీట తిప్పితే చాలు.

అయితే మీట తిప్పేముందు ఇంకో సంగతి చూసుకోవాలి. మెడ దగ్గర సర్జన్ చేతిలో కాటరీ ఉంది. రక్తం కారే చిన్న నాళాలను కరెంటుతో కాల్చి మూసే కలం అది, చిటపటలాడుతూ నిప్పురవ్వ వేస్తుంది. రోగి ముఖం మీద కప్పిన గుడ్డ, చర్మానికి పూసిన స్పిరిట్, జుట్టు అన్నీ మండేవే. వీటికి తోడు గుడ్డ కింద ఆక్సిజన్ పోగైతే మంట క్షణంలో లేస్తుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు, మండేదాన్ని రెచ్చగొడుతుంది. తల, మెడ దగ్గర మెలకువ ఆపరేషన్లలో ఇలా నిప్పంటుకుని ముఖం కాలిన సంఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల నమోదయ్యాయి. అందుకే ముఖం దగ్గర బాహాటంగా వదిలే ఆక్సిజన్ 30 శాతం దాటకూడదని నియమం పెట్టుకున్నారు. కాటరీ వాడబోయే ముందు సర్జన్ చెబుతాడు, మత్తు డాక్టరు ఆక్సిజన్ తగ్గించి కాసేపు ఆగమంటాడు. గుడ్డను ముఖానికి అంటకుండా కడ్డీ మీద గుడారంలా ఎత్తి కడతారు, పోగైన గ్యాసు బయటికి పోవడానికి దారి వదులుతారు. స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా గుడ్డ కప్పరు. క్లాంపు వేశాక ఆక్సిజన్ వంద శాతానికి పెంచాల్సి వస్తే అంతసేపూ కాటరీ పక్కన పెట్టాల్సిందే. ఒకరితో ఒకరు మాట్లాడుకోని సర్జన్, మత్తు డాక్టరు కలిసి ఈ ఆపరేషన్ చేయకూడదు.

గుడ్డ కింద ఇంకొకటి కూడా పోగవుతుంది, రోగి వదిలిన బొగ్గుపులుసు వాయువు. దాంతో ఆయాసం, కంగారు మొదలవుతాయి. ఆక్సీమీటర్ దీన్నీ చెప్పదు. ముక్కు గొట్టానికే ఇంకో సన్నటి గొట్టం కలిపి, వదిలిన ఊపిరిని క్యాప్నోగ్రాఫ్ అనే యంత్రానికి పంపితే తెరమీద ఒక్కో శ్వాసా ఒక్కో గుట్టలా కనిపిస్తుంది. గుట్టలు ఆగాయంటే ఊపిరి ఆగిందన్నమాట. మెడలో లోతుగా ఇచ్చే మత్తు ఇంజెక్షన్ వల్ల ఆ వైపు ఉదరవితానానికి వెళ్లే నరం కూడా మొద్దుబారవచ్చు. ఉదరవితానం ఊపిరి లాగే ప్రధాన కండరం. అందులో సగం పనిచేయకపోయినా ఆరోగ్యవంతుడికి తెలియను కూడా తెలియదు. బీడీతో ఊపిరితిత్తులు అరిగిపోయినవాడికి వెంటనే తెలుస్తుంది.

మెడ, కాలు, చెయ్యి సరే. గుండె ధమనుల బైపాస్ కూడా మెలకువలో చేయొచ్చంటే నమ్ముతారా? టర్కీలోని అంకారాలో హల్దున్ కరగోజ్ బృందం శ్వాసనాళంలో గొట్టం లేకుండా చేసిన బైపాస్‌ల గురించి 2000లో ప్రచురించింది. రాయదుర్గం వాళ్లు బస్సెక్కి వెళ్లే బెంగళూరులో, అప్పటి వోక్‌హార్ట్ ఆసుపత్రిలో గుండె సర్జన్ వివేక్ జవళి, మత్తు వైద్యుడు మురళి చక్రవర్తి ఇదే దారి పట్టారు. వీపు పైభాగంలో వెన్నుపూసల మధ్య సన్నటి కాథెటర్ పెట్టి ఛాతీ భాగానికి మాత్రం మత్తు ఎక్కించి, రోగి మెలకువగా ఉండగా ఒకటికి మించి ధమనులకు బైపాస్ చేసిన తీరును 2003లో అంతర్జాతీయ పత్రికలో వివరించారు. రొమ్ము ఎముక కోసి తెరిచినా రోగి సొంతంగా ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇది సాధ్యం కావడానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. పక్కటెముకల మధ్య కండరాలకు నరాలు వీపు భాగం నుంచి వస్తాయి, అవి మత్తులో పడతాయి. ఉదరవితానానికి నరం మెడలోంచి వస్తుంది, మత్తు అంత పైకి ఎక్కకుండా చూసుకుంటే అది పనిచేస్తూనే ఉంటుంది. ఉన్న పెద్ద గండం ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొర. సర్జన్ చేతిలో అది చిరిగిందంటే బయటి గాలి లోపలికి జొరబడి, సొంతంగా పీలుస్తున్న మనిషి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ముందు మాస్కుతో ఆక్సిజన్ పెంచుతారు, చిరుగు మూస్తారు. చాలకపోతే పూర్తి మత్తుకు మారిపోతారు, అందుకు సామగ్రి అంతా పక్కనే సిద్ధంగా ఉంటుంది. వెంటిలేటర్ ఎక్కితే దిగడం కష్టమనిపించే ఊపిరితిత్తుల రోగులకు పనికొస్తుందన్న ఆశతో మొదలైన పద్ధతి ఇది. వైద్యుల సాహసం మెచ్చుకోదగ్గదే. కానీ మామూలు వాడుకలోకి రాలేదు, నేటికీ బైపాస్‌లు దాదాపు అన్నీ పూర్తి మత్తులోనే జరుగుతున్నాయి.

గుండె ధమనికి మెలకువలో జరిగే అసలు పెద్ద పని యాంజియోప్లాస్టీ. మణికట్టులో చిన్న రంధ్రంలోంచి తీగ పంపి, బెలూను ఉబ్బించి స్టెంట్ వేస్తారు. ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1977లో జ్యూరిక్‌లో మొదటిసారి చేసినప్పుడు కూడా రోగి మెలకువగానే ఉన్నాడు. గుండెపోటుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందుగా ఆక్సిజన్ మాస్కు తగిలించడం దశాబ్దాల అలవాటు. బంధువులకూ అదే ధైర్యం. స్వీడన్ వైద్యులు ఈ అలవాటునే పరీక్షకు పెట్టారు. 6,629 మందిని రెండుగా విడదీసి సగం మందికి నిమిషానికి ఆరు లీటర్ల ఆక్సిజన్, మిగతావారికి మామూలు గాలి. వీళ్లందరికీ ఆక్సీమీటర్ 90, ఆపైన చూపిస్తున్నవారే. ఏడాది తర్వాత చూస్తే మరణాలు ఒక వైపు 5.0 శాతం, మరో వైపు 5.1. తేడా లేదు. 2017లో ఈ ఫలితం వచ్చాక, అవసరం లేనివారికి మాస్కు పెట్టడం తగ్గింది. ఊపిరితిత్తుల దీర్ఘరోగుల విషయంలో బ్రిటన్ వైద్యులు 2008లోనే లక్ష్యం తగ్గించి రాసుకున్నారు: అందరికీ 94 నుంచి 98, వీళ్లకు 88 నుంచి 92. ఇంతకు మించి ఇస్తే కొందరిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మగతలోకి జారిపోతారు. మాస్కు తీసేశారని సిస్టర్ మీద కేకలేసే బంధువులకు ఈ అంకెలు తెలియవు.

ఇంతకూ ఆ ఆక్సిజన్ వచ్చేదెక్కడ నుంచి? 2021 మే నెల నాటి కొవిడ్ కొరత అనంతపురం జిల్లావాళ్లకు ఆ ప్రశ్న నేర్పింది. గాలిని బాగా చల్లబరిచి, మైనస్ 183 డిగ్రీల వద్ద ద్రవంగా మారే ఆక్సిజన్‌ను వేరుచేసి ట్యాంకర్లలో తెస్తారు. ఒక లీటరు ద్రవం సుమారు 860 లీటర్ల వాయువవుతుంది. ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి ఉక్కు కర్మాగారాలున్న చోటే పెద్ద ప్లాంట్లు ఉంటాయి. కొవిడ్ రెండో విడతలో రాయలసీమ ఆసుపత్రులకు బళ్లారి వైపు నుంచీ ట్యాంకర్లు నడిచాయి. తాడిపత్రిలో అయితే అర్జాస్ స్టీల్ పక్కనే 500 పడకల తాత్కాలిక ఆసుపత్రి కట్టి, 2021 జూన్ 4న తెరిచారు. కర్మాగారం గ్యాసును గొట్టాల్లో నేరుగా పడకల దగ్గరికి తెచ్చే ఏర్పాటు అది.

అంబులెన్సులో వెళ్లేవారికి ఒక చిన్న లెక్క అక్కరకొస్తుంది. నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలున్న బి రకం సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి ఐదు లీటర్లు పారితే ఐదు గంటలు, పది పారితే రెండున్నర గంటలు. బళ్లారికైతే దిగులు లేదు. రాయదుర్గం నుంచి బెంగళూరు నాలుగైదు గంటల దారి, పది లీటర్ల రోగిని ఒకే సిలిండర్‌తో బయలుదేరదీస్తే సగం దారిలోనే అయిపోతుంది. మీటర్‌లో బంతి నడుమ ఏ గీత మీద ఉందో చూసి లెక్క వేసుకోవాలి, బంతి పైభాగం చూసి కాదు.

మెలకువ ఆపరేషన్‌కు ఎవరు పనికొస్తారో తేల్చే పరీక్షల్లో మొదటిది చాలా మామూలుది: గంట, రెండు గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోగలరా? రాత్రి రెండు దిండ్లు లేనిదే నిద్రపట్టని మనిషికి ఇది కష్టం. ఆ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పాలి. దగ్గుంటే చెప్పాలి, బీడీ ఎప్పుడు మానారో, అసలు మానారో లేదో నిజం చెప్పాలి. వేళ్లకు నెయిల్ పాలిష్ ఉంటే ఆక్సీమీటర్ తప్పు చూపవచ్చని థియేటర్‌కు వెళ్లే ముందు తుడిచేస్తారు. బెంగళూరులో, బళ్లారిలో రోగిని మాట్లాడించే డాక్టరుకు ఆయన భాష రావాలి. మాట తడబడిందా లేదా అన్నది ఆ భాష తెలిసినవారికే పట్టుబడుతుంది. రాయదుర్గం వాళ్లకు ఆ దిగులు తక్కువ, తెలుగులో అడిగినా కన్నడంలో అడిగినా జవాబిస్తారు. ఆపరేషన్ అయ్యాక వార్డులో కూడా కొన్ని గంటలపాటు ముక్కు గొట్టం ఉంచుతారు, మెడ దగ్గర వాపు వస్తోందేమో చూస్తుంటారు. లోపల రక్తం చేరి శ్వాసనాళాన్ని నొక్కితే, ఎంత ఆక్సిజన్ వదిలినా లోపలికి పోదు. అప్పుడు కుట్లు విప్పడం ఒక్కటే దారి.